చుక్కల తాత మొహం మారిన వారం

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా వరండాలో ఇద్దరు కూర్చుని ఉన్నారు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. టీవీకి సీరియల్ రాస్తారట. అందులో మనుషులు ఒక లోకం నుంచి ఇంకో లోకానికి వెళ్ళి వస్తుంటారట. కథ సగంలో ఉండగా హీరో వేషం వేసే ఆయన మానేశాడు. చూసేవాళ్ళు తగ్గుతున్నారు, ఏదో ఒకటి మార్చండని పైవాళ్ళు గోల పెడుతున్నారు.

"హీరోని చంపేద్దామా సార్?" అని అడిగింది అమ్మాయి, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. టీవీ అనే మాటే మేము వినని రోజుల్లో, ముత్తుకూరులో ఒక ఉప్పు గోదాములో, సరిగ్గా ఇదే పని చెయ్యమని నాకు చెప్పారు. నేను ఒప్పుకున్నాను. చెయ్యబోయాను కూడా. వాళ్ళకు ఆ రోజు నోటితో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇది.

నా పని

నేను నాటక కంపెనీలో ప్రాంప్టరుని. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, లాంతరు వెలుగులో కాగితం చూస్తూ, వేషగాళ్ళు మాట మరిచిపోతే అందించేవాణ్ణి. మా నాన్న తోటపల్లి గూడూరు మిషన్ బళ్ళో మాస్టారు. నేను పాస్టరునవుతానని ఆయన ఆశ. పాస్టరుకు కావలసింది ఊరంతా వినపడే గొంతు, నాకు దేవుడిచ్చింది ఒక్కడికే వినపడే గొంతు. దాంతో ఈ ఉద్యోగానికే పనికొచ్చాను.

మాట అందించడం ఎవడైనా చేస్తాడు. ఎప్పుడు అందించకూడదో తెలియడమే పని. నటుడు ఆగడం వేరు, మరిచిపోవడం వేరు. ఆగినవాడికి మాట అందిస్తే వాడి పొట్ట కొట్టినట్టే. మా కంపెనీలో పెద్ద వేషాలు వేసే కోదండయ్య గారు మరిచిపోతే కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద రుద్దేవారు. ఆగితే ఆ చెయ్యి కదిలేది కాదు. ఇది కనిపెట్టడానికి నాకు ఏడాది పట్టింది. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ ఉండవు, స్టూలు మీద కూర్చోవాల్సిందే.

మా కంపెనీకి నాటకాలు రాసే ఆయన అలిగి వెళ్ళిపోతే, చేతిరాత బాగుందన్న ఒక్క కారణంతో నన్నే రాయమన్నారు. అలా రచయితనయ్యాను. చేతిరాతను చూసి రచయితను చేసిన కంపెనీ ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

గ్రహం

ఆకాశంలోకి మనుషులు ఒక గోళాన్ని పంపించారని పేపర్లో వచ్చిన కాలం. పొద్దు గూకే వేళకు ముత్తుకూరు జనమంతా వీధిలో నిలబడి తలలు పైకెత్తేవాళ్ళు. కనపడింది అన్నవాళ్ళకు నిజంగా కనపడిందో లేదో దేవుడికెరుక. కానీ ఆ కొన్ని వారాలు ఊరంతా ఏదో కలలో నడుస్తున్నట్టు ఉండేది. ఎదురుపడ్డ మనిషి పలకరించకముందే పైకి చూసేవాడు.

మా ప్రొప్రైటరు పెంచల్‌రెడ్డి గారిది గూడూరు. నిమ్మకాయల వ్యాపారం, కాస్త కాకిబంగారం, అంటే అభ్రకం, వ్యాపారం. నాటకాల మీద పిచ్చి. ఒకరోజు నన్ను పిలిచారు.

"పురాణాలు చాలు దావీదూ. చుక్కల్లోకి పోయే నాటకం రాయి. వారానికి ఒక ముక్క. ఈ వారం చూసినోడు పైవారం రాకుండా ఉండలేకపోవాల."

రాశాను. పేరు 'శుక్రగ్రహంలో మనవాళ్ళు'. గోదాములో వెనక గోడకు నల్లగుడ్డ కట్టి, జిగురు పూసి, గూడూరు నుంచి తెచ్చిన కాకిబంగారం పొడి చల్లాం. ప్రతి ఆదివారం ఎండ తగ్గగానే తలుపులు మూసి పెట్రోమాక్సు వెలిగిస్తే ఆ గుడ్డంతా చుక్కలయ్యేది. సముద్రపు గాలికి గుడ్డ ఊగితే చుక్కలన్నీ మెల్లగా ఇటు నుంచి అటు పోయేవి. గోడల్లో ఇంకిన ఉప్పు వాసన, నల్లగుడ్డ మీద ఆకాశం. నేను స్టూలు మీద కూర్చుని, కాగితం చూడటం మరిచిపోయి అటే చూస్తుండేవాణ్ణి. ఇప్పుడు తలుచుకున్నా నాకు నిద్రకు ముందు వచ్చే మగతలాంటిది కమ్ముతుంది.

ఆకాశం బాగుంది, నాటకం బాగాలేదు. ఇంగ్లీషు పేపర్లలో చదివిందంతా కోదండయ్య గారి నోట్లో పెట్టాను. భూమికీ శుక్రగ్రహానికీ ఎంత దూరమో ఆయన గంభీరంగా చెబుతుంటే జనం వేరుశనక్కాయలు ఒలుచుకున్నారు. నాలుగో వారానికి పాలెం నుంచి ఆడవాళ్ళు రావడం పూర్తిగా మానేశారు. పాలెం అంటే చేపలు పట్టేవాళ్ళ ఊరు. గోదాములో జనం కూర్చోవడానికి మేము పరిచే చాపల్లో సగం నిండేది వాళ్ళతోనే.

ఎందుకు రావడం లేదో కనుక్కుందామని వెళ్ళాను. ఇసకలో ఎండు చేపలు తిరగేస్తున్న పోలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"గ్రహం గురించి వారం వారం చెప్తావుండావే, నీకు బుద్ధుందా అబ్బయ్యా? మా ఆడబిడ్డకు గ్రహం పట్టి రెండు నెలలు అన్నం తినలా. వేపమండలతో దిగదుడిస్తే వదిలింది. నువ్వు మళ్ళా తెచ్చి ఎక్కిస్తావుండావు. పిల్లోళ్ళు జడుసుకుంటావుండారు."

శుక్రగ్రహం అంటే అది కాదమ్మా, తెల్లవారుజామున తూరుపున కనపడే చుక్క అని చెప్పాను.

"వేగుచుక్కా?" అంది. "ఆ మాట చెప్పి చావొచ్చు గదా! దాన్ని చూసుకునే గదా మావోళ్ళు పడవ తోసేది."

నాలుగు వారాలు మైళ్ళ లెక్కలు చెప్పి నేను చూపించలేకపోయిన దాన్ని వాళ్ళు రోజూ చూస్తున్నారు. పాలెంలో ఆ సాయంత్రమంతా కూర్చున్నాను. పిల్లలకోడి, గొల్లకావడి, ఇంకా నాకు పేర్లు గుర్తులేని చుక్కలు. ఏ చుక్క ఎటు వాలితే గాలి ఎటు తిరుగుతుందో ముసలివాళ్ళు చెబుతుంటే రాసుకున్నాను. పై వారం నుంచి నాటకంలో గ్రహం అనే మాట లేదు. అన్నీ దీవులే. రాకెట్టు ఓడయింది. నాటకం పేరు 'వేగుచుక్క దాకా' అయింది. మూడు వారాల్లో గోదాము నిండింది.

తాత

ఆ ఓడను నడిపే పెద్ద వేషం కోదండయ్య గారిది. అంతకుముందు నలభై ఏళ్ళు పౌరాణికాలు వేసిన మనిషి. చదువు రాదు. పొద్దున్నే గోదాము వెనక బెంచీ మీద కూర్చుంటే నేను చదివి వినిపించేవాణ్ణి, రెండుసార్లు వింటే చాలు, వచ్చేసేది. పెళ్ళాం బిడ్డలు లేరు. ఆ బెంచీ పక్క గదిలోనే ఉండేవారు. జనపనార గడ్డం పెట్టుకుని చుక్కల ముందు నిలబడితే జనం ఆయన్ను చుక్కల తాత అనేవాళ్ళు. గడ్డం తీసేసి సంతకు వెళితే ఒక్కరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు. అందుకు ఆయన ఒకింత గర్వపడేవారు కూడా.

నాలుగేళ్ళు ఆ ఓడ నడిచింది. నా జీవితంలో అంత హాయిగా గడిచిన కాలం ఇంకొకటి లేదు. పొద్దున రాయడం, సాయంత్రం వినడం. నిద్రలో కూడా ఓడ మీదే ఉండేవాణ్ణి.

మనిషి జ్ఞాపకం సడలుతోందని ఇంట్లోవాళ్ళకన్నా ముందు ప్రాంప్టరుకు తెలుస్తుంది. మొదట ఒక్క మాట అందిస్తే చాలేది. తర్వాత సగం వాక్యం కావలసి వచ్చింది. ఆ తర్వాత మొత్తం వాక్యం. కుడిచేతి బొటనవేలు ఇక ఆగడమే లేదు. ఒక ఆదివారం చుక్కల మధ్య ఓడ మీద నిలబడి, ఉన్నట్టుండి ఏదో పాత పౌరాణిక పద్యం ఎత్తుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. నా కాగితంలో ఆ పద్యం లేదు. ఆ సంగతి ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆయన మీద ప్రేమతో చెప్పలేదని అప్పుడు అనుకున్నాను. ఆయన లేకపోతే నా నాటకం ఏమవుతుందోనన్న భయం కూడా ఉంది. రెండూ నిజమే.

చివరికి పెంచల్‌రెడ్డి గారే కనిపెట్టారు.

"ముసిలాయన మాట చాపల దాకా రాకముందే నీ మాట వస్తా ఉంది దావీదూ. ఇట్టయితే కుదరదు. ఒక మంచి సీనులో తాతను చంపెయ్. మస్తాన్‌ని పెద్దను చేద్దాం."

మస్తాన్ మా ఓడలో వంటవాడి వేషం వేసేవాడు. ముప్ఫై ఏళ్ళు, చురుకైనవాడు, జనాన్ని నవ్వించేవాడు.

నేను చేసిన తప్పు

తాత చనిపోయే భాగం రెండు రోజుల్లో రాశాను, బాగా వచ్చింది. దీవి మీద నిప్పు ఓడకు అంటుకోకుండా తాత ఒక్కడే దిగి దాన్ని ఆపుతాడు. "నా పని అయిపోయింది. నేను పోతున్నాను," అని కూలిపోతాడు.

కంపెనీలో అందరికీ చెప్పాను. కోదండయ్య గారికి చెప్పలేదు. పొద్దున బెంచీ మీద చదివి వినిపించేటప్పుడు చివరి పేజీ వదిలేశాను. ఎలాగూ నేను ఏది అందిస్తే అది అనే స్థితిలో ఉన్నారు గదా, ఆ రెండు మాటలూ స్టేజీ మీదే అందించేస్తే సరిపోతుందని నా లెక్క. ఆయన చావు ఆయన నోటితోనే, ఆయనకు తెలియకుండా చెప్పించాలనుకున్నాను. దీన్ని ఎలా చెప్పినా నీచంగానే ఉంటుంది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

"పెద్దాయనకు చెప్పినావా?" అని మస్తాన్ రెండుసార్లు అడిగాడు. చెబుతానన్నాను.

ఆదివారం వచ్చింది. తాత దీవి మీద దిగాడు. నిప్పు ఆర్పాడు. నేను మెల్లగా అందించాను: "నా పని అయిపోయింది." ఆయన గొంతెత్తి అన్నారు. "నేను పోతున్నాను," అని అందించాను.

ఆయన అనలేదు. మళ్ళీ అందించాను. అప్పుడు ఆయన చెయ్యి చూశాను. బొటనవేలు కదలడం లేదు. మరిచిపోలేదు, ఆగారు. తల కొంచెం తిప్పి నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. సంగతి మొత్తం అర్థమైన చూపు. నాకు స్టూలు మీద నుంచి లేచి పారిపోవాలనిపించింది.

తర్వాత ఆయన జనం వైపు తిరిగి, నాటకం గొంతు వదిలేసి, గుమ్మంలో నిలబడి ఇంట్లోవాళ్ళకు చెప్పినట్టు అన్నారు:

"పోయొస్తా నాయనా."

"పోయి రా తాతా!" అంది గోదాము మొత్తం.

మన వైపు అంగడికి పోయి ఉప్పు తెచ్చుకునేవాడు కూడా పోతున్నా అనడు. పోయొస్తా అంటాడు. ఇక తెల్లవారుజామున పడవ ఎక్కే మగవాళ్ళున్న పాలెంలో ఆ మాట గురించి చెప్పాలా? నేను నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణి గనక, గంభీరంగా ఉంటుందని పోతున్నాను అని రాశాను. ఆయన కూలిపోలేదు. చుక్కల గుడ్డ పక్కకు తప్పించుకుని నడిచి వెళ్ళిపోయారు. నన్ను దాటేటప్పుడు ఆయన భుజం మీద కాకిబంగారం పొడి మెరుస్తోంది. నా వైపు చూడలేదు.

మొహం

"చచ్చినాడా, చావలేదా? ఏదో ఒకటి తేల్చు!" అని పెంచల్‌రెడ్డి గారు మండిపడ్డారు. పై వారం మస్తాన్‌ని ఓడకు పెద్దను చేసి నాటకం నడిపాం. జనం సగం సేపు తలుపు వైపే చూశారు.

బుధవారం పోలమ్మ చేపల గంప దించుకుని గోదాము ముందు నిలబడింది.

"తాత ఏ వారం వస్తాడు?"

"రాడమ్మా. ఆయనకు చేతకావడం లేదు," అన్నాను.

"రాకపోవడమేంది? పోయొస్తానన్నాడు గదా, మేమందరం పోయి రమ్మంటిమి గదా!"

"ఆ మనిషి వేషం వెయ్యలేడు. ఇంకో మనిషిని పంపిస్తే మొహం వేరే అయిపోతుంది గదా."

"అయితే ఏంది?" అంది. "మా మామ గాలికి కొట్టకపోయి నెల తరవాత వచ్చినాడు. ఎండకు కాలి, ఉప్పునీళ్ళకు తోలు ఊడి, ఆ మొగం మొగమేనా? మా అత్తే గుర్తుపట్టలా. వచ్చినా అన్నాడు. అంతే, లోపలికి రమ్మనింది. మొగానిది ఏముంది అబ్బయ్యా!"

ఆ మాటతో నాకు దారి దొరికింది. వచ్చేవాడు వస్తాడు, వేరే మొహంతో వస్తాడు. కథను ఎక్కడా తెంపనక్కరలేదు.

కానీ అది రాయాలంటే ముందు వెనక గదికి వెళ్ళాలి. వెళ్ళాను. కోదండయ్య గారు చాప మీద కూర్చుని జనపనార గడ్డాన్ని దువ్వుతున్నారు. క్షమించమన్నాను. ఆయన దువ్వడం ఆపలేదు.

"చంపాలనుకుంటివి, సరే. నాటకంలో చావు నాకేం కొత్తా? చెప్పి చంపొచ్చు గదా దావీదూ."

నేను ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చారు. తర్వాత పోలమ్మ మాట చెప్పాను. ఈ మనిషికి నాటకం తప్ప ఇంకేం లేదు, ఆ ఒక్కటీ నేను చెయ్యి చాచి అడుగుతున్నాను అని నాకు తెలుసు. కాదంటే కాదనే హక్కు ఆయనది. కాదంటే కంపెనీ మూతపడుతుంది, అదీ ఇద్దరికీ తెలుసు.

"ఎవురు వచ్చేది?"

"మస్తాన్. వంటవాడి వేషం ఇంకొకరికి ఇస్తాం."

"వాడికి నడక రాదే," అన్నారు. గడ్డాన్ని పక్కన పెట్టి, "రేపు పొద్దన్నే రమ్మను," అన్నారు.

ఆ వారం మిగతా రోజులన్నీ బెంచీ దగ్గర పాఠం. మాటలు మరిచిపోయిన మనిషికి నడక మాత్రం ఒక్క అడుగు తప్పలేదు. మస్తాన్ అచ్చం ఆయనలాగే నడిచి చూపించాడు. నేను మెచ్చుకోబోయాను. ఆయన విసుక్కున్నారు.

"నన్ను చెయ్యబాక. నన్ను చేస్తే నవ్వుతారు. తాతవి నువ్వే అనుకో, నీ నడక నువ్వు నడువు. గడ్డం కూడా పెట్టుకోబాక."

ఆదివారం గోదాములో కాలు పెట్టే చోటు లేదు. కోదండయ్య గారు వచ్చి నా పక్కన, తెర చాటున నిలబడ్డారు. ఓడ తలుపు తెరుచుకుంది. మస్తాన్ తన మొహంతోనే లోపలికి వచ్చి, "వచ్చినా," అన్నాడు. అప్పుడు చాపల్లోంచి పోలమ్మ లేచింది. నాకు చెప్పిన మాట నాకే గుర్తుంది గానీ ఆమె దాన్ని ఎప్పుడో మరిచిపోయింది. నాటకం ముందు కూర్చుంటే ఆమె లోకం ఆమెది.

"మొగం ఏమైంది తాతా?" అని గట్టిగా అడిగింది.

అది కాగితంలో లేదు. మస్తాన్ తెర వైపు చూశాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో నా దగ్గర అందించడానికి మాట లేకపోవడం అదే మొదలు. నా చెవి పక్క నుంచి కోదండయ్య గారు మెల్లగా అందించారు.

"సముద్రం తీసుకునింది."

"సముద్రం తీసుకునిందమ్మా," అన్నాడు మస్తాన్. ఆపైన సొంతంగా, "మొగం తీసుకుని మనిషిని వదిలిపెట్టింది," అన్నాడు.

పోలమ్మ ఆలోచించింది. "సరే. అన్నం తిన్నావా?" అని అడిగి కూర్చుంది. ఆ తర్వాత ఓడ ఇంకో ఐదేళ్ళు నడిచింది. తాత మొహం ఇంకొకసారి కూడా మారింది, ఎవరూ ఏమీ అనలేదు.

ఆ అమ్మాయికి చెప్పింది

మీ హీరోని మార్చుకోండి. కథ మార్చండి, పేరు మార్చండి, అవసరమైతే లోకాన్నే మార్చండి. నడుస్తున్న కథకు చర్మం మారకపోతే అది చస్తుంది. పై అధికారులు చంపెయ్ అంటారు, అది వాళ్ళకు తెలిసిన ఒకే ఒక్క మార్పు. మీరు చూసేవాళ్ళ దగ్గరకు వెళ్ళి వాళ్ళ మాట వినండి. మానేసిన ఆయన దగ్గరకు కూడా వెళ్ళండి, ఆయన దాచిపెట్టిందేదో మీకు ఇచ్చిపోతాడు. వెళ్ళకుండా రాస్తే నాలాగా ముసలితనంలో టీ తాగుతూ నవ్వు మధ్యలో ఆపుకోవాల్సి వస్తుంది.

కోదండయ్య గారి గురించి అమ్మాయి అడిగింది. ఆ తర్వాత ఆయన ఏమయ్యారు సార్ అని. నోటితో చెప్పలేకపోయింది అదే.

ఆ వర్షాకాలం పోయాక ఆయన తెర చాటున నిలబడటం మానేసి చాపల్లో కూర్చోవడం మొదలుపెట్టారు. గడ్డం లేని ఆ బోసి మొహాన్ని ఎవరూ ఎరగరు. ఒక ఆదివారం మస్తాన్ గొప్పగా చేశాడు. దీవి మీద పోయిన తన ఓడవాళ్ళను పేరుపేరునా పిలిచే సీను. పిలుస్తుంటే కోదండయ్య గారు తెలియకుండానే లేచి నిలబడ్డారు, పెదవులు కదులుతున్నాయి. వెనక నుంచి పోలమ్మ ఆయన పంచె పట్టుకుని లాగింది.

"కూచో పెద్దాయనా! మా తాత కనపడలా."

ఆయన తిరిగి ఆమె మొహం చూశారు. కూర్చుని, ఆమెకు బాగా కనపడేలా పక్కకు కూడా జరిగారు. స్టూలు మీద నుంచి నాకు అంతా కనపడింది.

నాటకం అయ్యాక ఆయన చెయ్యి పట్టుకుని గదికి తీసుకెళ్ళాను. ఇంకా వెలుతురు ఉంది, ఇసక వెచ్చగా ఉంది. సగం దారిలో ఆగారు.

"ఈ వారం నేను బాగా చేసినా గదా దావీదూ?"

మరిచిపోయి అన్నారో, అన్నీ తెలిసే అన్నారో నాకు ఈ రోజుకూ తెలియదు.

"చాలా బాగా చేశారు," అన్నాను.

"నాకూ అట్నే అనిపించింది," అని, తనే ముందు నడిచారు.